రెండు గీతలు, ఒక చుక్క

చాందిని అడిగింది చిన్న ప్రశ్నే. అడిగేసి, "టీ సూపర్ ఆంటీ" అని ఒక మాట అనేసి, కారెక్కి గుర్‌గావ్ వెళ్ళిపోయింది. ఇక్కడ ఢిల్లీ మునిర్కాలో గౌరికి మాత్రం అప్పట్నుంచి ఒకచోట కాలు నిలవడం లేదు. కొలిమి ముందు కూర్చుంటే వంటింట్లో ఏదో మరిచిపోయినట్టుంటుంది, వంటింట్లోకి వెళితే కొలిమి పిలిచినట్టుంటుంది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. మల్లేశం నోరెత్తకుండా తిన్నాడు, పాపం. ఆర్.కె. పురం క్వార్టర్లలో నీళ్ళ పంపులు నడిపే మనిషి. ఏ మోటారు ఎప్పుడు వేడెక్కుతుందో తెలిసినవాడు కాబట్టి భార్య జోలికి పోలేదు.

ఇంతకీ ఆ ప్రశ్న ఇది: "ఆంటీ, మీ కత్తుల మీద ఈ సింబల్ ఉంది కదా, దీని మీనింగ్ ఏంటి?"

ఎడమకు వాలిన గీత ఒకటి, కుడికి వాలిన గీత ఒకటి, వాటి కింద చుక్క. గౌరి చేతిలోంచి వచ్చే ప్రతి కత్తి మీదా, పిడికి కాస్త పైన, ఆ గుర్తు ఉంటుంది. పాత ఉలి ముక్కను అరగదీసి ఆ అచ్చును ఆమే చేసుకుంది. కత్తి తయారయ్యాక, అచ్చు నిలబెట్టి, సుత్తితో ఠంగున ఒక్క దెబ్బ. ఆ దెబ్బ కొట్టినప్పుడల్లా గౌరి నడుము నిటారుగా నిలబడేది. ఎందుకంటే అది ఆమె సొంత గుర్తు కాదు, నాయిన గుర్తు. కమ్మరి లింగయ్య గుర్తు.

లింగయ్య అంటే కరీంనగర్ దిక్కున ఆ చుట్టుపక్కల ఊళ్ళకు కొడవలి, గొడ్డలి, కత్తిపీట. అంత పేరున్న మనిషి కూతురికి పని నేర్పలేదు. తిత్తి ఊదడానికి కూర్చోబెట్టేవాడు, సమ్మెట వేయించేవాడు. కానీ కాలిన ఇనుమును నీళ్ళలో ముంచే వేళకు మాత్రం "లే, బయటికి నడువ్" అనేవాడు. కత్తికి నీళ్ళు పెట్టేటప్పుడు ఎదుట ఎవరూ ఉండకూడదని వాళ్ళింటి పద్ధతి. ఇనుముకు గట్టిదనం వచ్చేది ఆ క్షణంలోనే, చెడేదీ ఆ క్షణంలోనే. గౌరి తడిక అవతల నిలబడి ఆ చుయ్‌మనే చప్పుడు వింటూ పెరిగింది. చప్పుడు పొడుగ్గా ఉంటే ఎలాగ, పొట్టిగా ఉంటే ఎలాగ అని తనలో తనే లెక్కలు కట్టుకుంది. ఎవరూ చెప్పని చదువు అది.

పదిహేడు నిండకముందే పెళ్ళయింది. మల్లేశం అప్పుడు పక్క ఊరివాడే. ఢిల్లీ ఉద్యోగం తర్వాత ఊడిపడింది. నాయిన పెళ్ళికి ఇచ్చిన కత్తిపీటను చీరలో చుట్టుకుని గౌరి ఈ ఊరొచ్చింది. అది రోజూ మొద్దుబారేది, గౌరి రోజూ రాయి మీద సాన పెట్టేది. అలా పెట్టీ పెట్టీ చెయ్యి తిరిగింది. ఆర్.కె. పురంలో తెలుగు ఆఫీసర్ల ఇళ్ళలో ఈ సంగతి పొక్కింది. "గౌరీ, మా కత్తిపీట కూడా కొంచెం చూడవా?" అని ఒకరు, "ఈ ఢిల్లీలో కత్తిపీట దొరికి చావదు, ఒకటి చేసిపెట్టవూ" అని ఇంకొకరు. సాన కాస్తా కొలిమి అయింది. మాయాపురి పాత సామాన్ల బజారు నుంచి లారీల కమాను పట్టీలు, ఇల్లు అద్దెకిచ్చిన జాట్ ఇంటావిడ బర్రెల కొట్టం పక్కన ఒక రేకుల షెడ్డు, తిత్తి బదులు గ్యాసు కొలిమి. ఎవరు నేర్పారమ్మా అని అడిగితే గౌరి కత్తి తిప్పి గుర్తు చూపించేది. "లింగయ్య బిడ్డను" అనేది. ఆ ఒక్క మాట చాలు ఆమెకు. నాయిన నోటితో నేర్పకపోయినా, గుర్తు తన చేతికొచ్చింది కదా!

ఇప్పుడు చాందిని వచ్చి ఆ గుర్తుకు అర్థం అడిగింది. గుర్‌గావ్‌లో చేతి పనుల వంటసామాన్ల దుకాణం ఆ పిల్లది. అమ్మానాన్నలది విజయవాడ, పిల్ల పుట్టింది ఇక్కడ. కత్తులన్నీ తీసుకుంటానంది, ఒక్కో పెట్టెలో ఒక్కో కార్డు పెడతానంది. కార్డుకు ఒకవైపు గౌరి ఫోటో, రెండోవైపు గుర్తుకు అర్థం. "నాకైతే రెండు కొండలు, కింద బొట్టు అనిపిస్తోంది ఆంటీ. ఫెమినిన్ ఎనర్జీ. కానీ మీరు చెప్తేనే ఆథెంటిక్. వచ్చే శుక్రవారం వస్తా, ఠీక్ హై?"

ఠీక్ ఏముంది, గౌరికి అర్థం తెలిస్తే కదా! ఇన్నేళ్ళు కొట్టిన గుర్తుకు అర్థం ఉంటుందనే ఆలోచనే రాలేదు. నాయినను ఎన్నడూ అడగలేదు, అడుగుదామంటే ఆయన లేడు. లింగయ్య బిడ్డనని ఊరంతా చెప్పుకుని, లింగయ్య గుర్తుకు అర్థం తెలియదంటే ఎంత నామర్దా!

పై గదిలో సివిల్స్‌కి చదివే ఉదయ్‌కిరణ్‌ను అడిగింది. అతను కత్తిని కిటికీ వెలుగులో పట్టుకుని "ఆంటీ, ఇది పాత లిపిలో ఏదో అక్షరంలా ఉంది" అన్నాడు. ఏ అక్షరమంటే బేర్ సరాయ్‌ పుస్తకాల షాపులో ఒక పుస్తకం ఉంది, చూసి చెప్తానన్నాడు, ఇంతవరకూ చెప్పలేదు. జాట్ ఇంటావిడ ఒక్క చూపు చూసి "భైంస్ కే సీంగ్ హైం" అని తేల్చేసింది. బర్రెలున్నవాళ్ళకు కొమ్ములు కాక ఇంకేం కనిపిస్తాయి? మల్లేశం నామం లెక్క ఉందన్నాడు. కూతురు తేజశ్రీ లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే "కుఛ్ భీ బోల్ దో మమ్మీ, కౌన్ చెక్ కరేగా" అంది. ఏదో ఒకటి చెప్పేస్తే సరి, ఎవరు చూడొచ్చారని.

"గట్లెట్ల చెప్త? అది మా నాయిన గుర్తు" అని గౌరి కసురుకుంది.

ఆ సాయంత్రమే ఊళ్ళో మేనత్త రాజవ్వకు వీడియో కాల్ చేసింది. లింగయ్య చెల్లెలు. అన్న కొట్టిన కత్తులను అంగడికి మోపు కట్టుకుపోయి అమ్మింది ఆవిడే. మనవడి ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడుతుంటే గౌరికి చాలాసేపు చెవే కనిపించింది.

"అత్తా, ఫోను ముంగట పెట్టుకో. గిది సూడు. నాయిన గుర్తు. దీని మతలబు ఏంది?"

రాజవ్వ కళ్ళు చికిలించింది. కత్తి దగ్గరగా పెట్టమంది, ఇంకా దగ్గరగా పెట్టమంది. ఆ తర్వాత పడీపడీ నవ్వడం మొదలుపెట్టింది.

"ఓసి నీ పాడుగాను! గిది గుర్తేందే? గిది తప్పిన కత్తికి కొట్టేది!"

"తప్పిన కత్తా?"

"ఔ మల్ల. ఒకపారి నీళ్ళు పెడితె పట్టకపాయె. మల్ల కాల్చి ఇంకోపారి పెడితె గదీ పట్టకపాయె. మూడోపారి పెడితె పగుల్తది. గందుకని రెండు గీతలు, రెండుపార్లు పెట్టిన అని. కింద సుక్కంటె ఇగ ఇడిసిపెట్టిన అని. సూపుకు మంచి కత్తి లెక్కనె ఉంటది గద, మోపుల కలిస్తె ఎట్ల? ఏరి పక్కకు పెట్టేది నేనే. నువ్వు గది అందరికి కొట్టి అమ్ముతున్నవా? అయ్యో బిడ్డా!"

మరి అసలు గుర్తేదని అడిగింది గౌరి.

"పొద్దు గుర్తు. గుండ్రంగ గీసి, సుట్టు కిరణాలు. గది తోకకు కొడ్తుండె, పిడిలకు దిగేకాడ. పిడి పెట్టినంక దాసుకుంటది. ఎన్నడన్న పిడి ఊడితె బాగుజేసే కమ్మరికి కనవడాలె, ఎవలి పనో ఎర్కగావాలె. కొన్నోనికెందుకే గుర్తు? ఆనికి తెగితె సాలు."

"మరి మనింట్ల అన్నిటికి గీ రెండు గీతలే ఉండెగద అత్తా!"

"ఉండయా? మంచియి అమ్ముకుంటిమి, తప్పినయి మనం వాడుకుంటిమి. కమ్మరోళ్ళింట్ల తెగే కత్తి ఎక్కడుంటది?"

గౌరి ఫోను పెట్టేసింది. తడిక అవతల నిలబడ్డ పిల్లకు కనిపించింది వంటింటి కత్తులే. అంగడికి పోయినవి ఆమె ఎన్నడు చూసింది గనుక? సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ ఆ సిగ్గు వెనకాలే ఇంకో సంగతి తట్టి, మనిషి లేచి నిలబడింది. గబగబా వంటింట్లోకి వెళ్ళి కత్తిపీట ముందు కూలబడింది. పెళ్ళినాడు నాయిన ఇచ్చిన కత్తిపీట. దాని మీద, అరిగి అరిగి మసకబారి, రెండు గీతలు, ఒక చుక్క.

కాదులే, అనుకుంది. దీనికి రెండు గుర్తులూ ఉంటాయి. కింద పొద్దు ఉండే ఉంటుంది. టేకు పీటను బోర్లించి, మేకు తట్టి, చెక్క సందులో ఉలి పెట్టి లేవదీసింది. ఇన్నేళ్ళు కదలని కత్తి కిర్రుమంటూ ఊడి వచ్చింది. తోకను కొంగుతో తుడిచింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తుడిచింది, గరుకు కాగితం పెట్టి రుద్దింది. ఏమీ లేదు. ఉత్త ఇనుము.

అదే పెళ్ళిలో నాయిన మల్లేశానికి గొడ్డలి ఇచ్చాడు. ఆ గొడ్డలి ఇప్పటికీ వాళ్ళ ఊళ్ళో బావగారి దగ్గర ఉంది, ఇప్పటికీ కట్టెలను వెన్నలా చీలుస్తుంది. అల్లుడికి మంచిది, కన్నబిడ్డకు తప్పినది! అంగడికి పనికిరానిది ఆడపిల్లకు చాలనుకున్నాడా? పని నేర్పనిది అందుకేనా? గౌరికి దుఃఖం కాదు, కోపం వచ్చింది. నాయిన ఎదురుగా ఉన్నట్టే వంటింట్లో నిలబడి అరిచింది. "నేనేం పాపం జేసిన్నే? ఒక్క మంచి కత్తికి నోచుకోనా?" తేజశ్రీ పరిగెత్తుకొచ్చింది. "క్యా హువా మమ్మీ?" అంటే చెప్పలేదు. పో, నీ పని జూస్కో అంది.

ఆ వారమంతా ఇల్లు ఇల్లుగా లేదు. కొలిమి వెలిగించడం, ఆర్పేయడం. ఇనుము ఎర్రబడేదాకా ఉంచకుండా లాగేయడం, లేకపోతే నిప్పురవ్వలు రాలేదాకా మాడ్చేయడం. కూరగాయల భయ్యాతో కారణం లేకుండా పోట్లాట. గుండ్రంగా పొద్దు గుర్తు అచ్చు చేద్దామని కూర్చుని, సగంలో విసిరికొట్టింది. ఏ ముఖం పెట్టుకుని కొడుతుంది ఆ గుర్తు? ఆ గుర్తున్న కత్తి ఒక్కటైనా ఆయన తన చేతికిచ్చాడా?

బుధవారానికి ఉండబట్టలేక మళ్ళీ ఫోను చేసింది. పలకరింపులేమీ లేవు.

"అత్తా, నాయిన నాకు తప్పిన కత్తి ఎందుకిచ్చిండు?"

రాజవ్వ ఈసారి నవ్వలేదు. "అల్లునికి మంచిదిచ్చిండని కోపమొచ్చిందా?" అంది.

"రాదా మరి?"

"అల్లుడు బయటోడే. బయటోనికి తప్పినదిస్తె ఇజ్జత్ పోదా? నువ్వు బయటిదానివా?"

గౌరి ఊడదీసిన కత్తిని చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"నేను గూడ అడిగిన బిడ్డా. గదేందే అన్నా, పోరికి మంచిదియ్యరాదు అన్న. ఏమన్నడెర్కనా? మంచి కత్తిస్తె ఇగ కొలిమి మొకం ఎందుకు జూస్తది, గిదైతె నెలకోపారన్న సాన పెట్టియ్యనీకి పట్కస్తది అన్నడు. పక్క ఊరే గద అప్పుడు. నువ్వు ఢిల్లీ పోతవని ఎవలికెర్క? పండుగకు నువ్వొస్తున్నవంటె సాన రాయి కడిగి పెట్టుకొని కూసున్నడు. నువ్వేమో..."

"ఆపు అత్తా" అంది గౌరి.

చెప్పనక్కర్లేదు. ఆ పండుగ గౌరికి బాగా తెలుసు. ఢిల్లీ నుంచి మొదటిసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు కత్తిపీట కత్తిని మూటలోంచి తీసి, నాయిన చేతిలో పెట్టి, ఛాతీ విరుచుకుని చెప్పింది: "సూడు నాయినా, నాకు నేనే సాన పెట్టుకుంటున్న. ఇగ ఎవ్వలి అవసరం లేదు." ఆయన అంచు మీద బొటనవేలు ఆనించి చూశాడు. "మంచిగనే ఉన్నది" అన్నాడు. కత్తి తిరిగి ఇచ్చేసి, బీడీ ముట్టించుకుని బయటికి వెళ్ళిపోయాడు. మెచ్చుకోవడానికి కూడా మనసొప్పలేదు చూడు ఆ మనిషికి అని ఈ కథను గౌరి మునిర్కాలో ఎంతమందికి చెప్పిందో! చెప్పి నవ్వింది కూడా.

ఆ రోజు కొలిమి వెలగలేదు. ఊడదీసిన కత్తిని ఒళ్ళో పెట్టుకుని షెడ్డులో కూర్చుంది. కోపం పోయింది, పోయినందుకు హాయిగా ఉండాలి కదా, లేదు. కోపమే నయం. కోపానికి కనీసం తిట్టడానికి ఒకరు ఉంటారు.

శుక్రవారం చాందిని వచ్చేసరికి షెడ్డులో గ్రైండరు గీపెడుతోంది. గౌరి ఒక్కొక్క కత్తినీ తీసుకుని గుర్తు ఉన్నచోట అరగదీసేస్తోంది. సగానికి పైగా నున్నగా, ఏ రాతా లేకుండా వరుసగా పడున్నాయి. చాందిని గుండె పట్టుకుంది.

"ఆంటీ! ఏం చేస్తున్నారు! సింబల్ ఏది?"

గౌరి గ్రైండరు ఆపి ఉన్నదున్నట్టు చెప్పింది. మధ్యలో చాందినికి అర్థంకాని చోట తేజశ్రీ ఇంగ్లీషులో చెప్పింది. చెబుతూ చెబుతూ తల్లి ముఖం వైపు చూసింది ఆ పిల్ల. ఇంట్లో ఇంత కథ నడిచిందని దానికీ అప్పుడే తెలిసింది మరి.

అంతా విని చాందిని ఎగిరి గంతేసినంత పనిచేసింది. "వావ్ ఆంటీ! ఇది ఇంకా బెటర్! తప్పును దాచకుండా మార్క్ చేయడం! ఇంపర్‌ఫెక్షన్! కార్డ్ మీద ఇదే వేద్దాం. ప్లీజ్, మిగతావి అరగదీయకండి."

ఆ పిల్లది దురాశ కాదు, నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గౌరి ఆ నీళ్ళు చూసింది. అయినా తల అడ్డంగా ఊపింది.

"లేదు బిడ్డా. ఇయ్యి మంచి కత్తులు. మంచియి బయటికి పోతయి, వాటికి ఈ గుర్తుండొద్దు. ఈ గుర్తు ఇంటోళ్ళది."

"మరి కార్డ్ మీద ఏం రాయాలి ఆంటీ?"

"తెగుతదని రాయి" అంది గౌరి, గ్రైండరు మళ్ళీ వేస్తూ.

చాందిని మూతి ముడుచుకుంది గానీ కత్తులు తీసుకుంది. ఏ రాతా లేని కత్తులు, గౌరి ఫోటో ఒక్కటే ఉన్న కార్డులు.

ఆ ఆదివారం తేజశ్రీ నోయిడాకు మారింది. ఉద్యోగం అక్కడే, రోజూ మెట్రోలో వెళ్ళి రావడం కష్టమని ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఫ్లాటు తీసుకుంది. పెట్టె సర్దుకుంటూ షెడ్డులోకి వచ్చి, అమ్మకానికి పెట్టిన వాటిలోంచి నిగనిగలాడే చిన్న కత్తి ఒకటి ఏరుకుంది. గౌరి దాన్ని చేతిలోంచి లాగేసుకుంది. ఆ చిందరవందర వారంలో నీళ్ళు పట్టక రెండుసార్లు తప్పిపోయిన కత్తి ఒకటి మూలన పడి ఉంది. దాన్ని దాగలి మీద పెట్టి, అచ్చు నిలబెట్టి, ఒక్క దెబ్బ వేసింది. గుడ్డలో చుట్టి కూతురి చేతిలో పెట్టింది.

"మమ్మీ, యే తో రిజెక్ట్ వాలా హై!"

"ఔ, గదే. పట్కపో."

తేజశ్రీ ఏమనుకుందో ఏమో, పెట్టెలో పెట్టుకుంది.

మూడు వారాలైనా కాకముందే వచ్చింది, సంచిలో కత్తి వేసుకుని. టమాటా కూడా తెగడం లేదని, ఫ్లాటులో అందరూ నవ్వుతున్నారని గొణిగింది. గౌరి అప్పటికే సాన రాయి తడిపింది. కత్తిని వాలుగా ఆనించి, అటూ ఇటూ లాగుతూ, నిమిషంలో చేసే పనిని కావాలని సాగదీసింది. మధ్యలో తిన్నావా అని అడిగింది, జలుబు తగ్గిందా అని అడిగింది, నీళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది. తేజశ్రీ పక్కన చతికిలబడి ఆ చేతుల వైపే చూస్తూ కూర్చుంది.

"ఈజీయే కదా మమ్మీ ఇది. నాకూ నేర్పు. నేనే పెట్టుకుంటా, ప్రతిసారీ ఇంత దూరం రానక్కర్లేదు."

గౌరి చెయ్యి రాయి మీద ఆగిపోయింది.

"నేర్ప" అంది.

"అరే, క్యోఁ?"

"నేర్పనంటె నేర్ప!" గౌరి కత్తిని ఇంకోవైపుకు తిప్పి మళ్ళీ రాయి మీద పెట్టింది. "మొద్దువారినప్పుడల్ల పట్కరా."